కొండపెరడు

ఫాల్గునమాసము చివర విశాఖపట్టణమునుండి అనంతగిరి మీదుగా అరకులోయకు బోవువారికి దూరమున కొండవాలులయందు పొగలు కాన్పించును. అది పోడు. అడవి నఱకి, ఎండనిచ్చి, తగులబెట్టి, ఆ బూడిదయందు విత్తనము చల్లుట పోడనబడును. ఆ పొగను జూచి నిట్టూర్చిన యధికారు లెందఱో, దానిని గూర్చి నివేదికలు వ్రాసిన దొరలెందఱో కలరు. కాని ఆ కొండపాదమున, పూరియింటి వెనుక, వెదురుదడి లోపల, పది పన్నెండు సెంట్ల నేలలో నొక గృహిణి యేడాది పొడుగునను చేయు సేద్యమును గూర్చి వ్రాసినవారు బహు తక్కువ. పోడు బాటసారికి గనబడును. పెరడు ఇంటి వెనుకనుండుటచే గనబడదు. కనబడనిది చరిత్రలోనికి నెక్కలేదు.

నేను ఆ కొండలలో నొక పాఠశాలయందు ఏడేండ్లు ఉపాధ్యాయుడనుగా నుంటిని. బడికి కూతవేటు దూరమున నొక కొండదొరల కుటుంబముండెను. ఒక ముసలియామె, ఆమె కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు. రెండవపిల్ల నాయొద్ద చదువుకొనుచుండెను. ముసలియామెను ఊరంతయు అవ్వ యనియే పిలుచును. నేనును అట్లే పిలిచితిని. ఈ వ్యాసమున నేను పెరడనునది ప్రధానముగా ఆమె పెరడే.

చేరిన మొదటి యేట బడితోట యొకటి వేయింపదలచితిని. వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమును జదివినవాడను. ఇంగ్లీషు తోటపుస్తకములను దిరుగవేసినవాడను. నాకింకేమి కావలయును? కొలతత్రాడు పట్టించి, నిక్కముగా వరుసలు గీయించి, పట్టణమునుండి తెప్పించిన పొట్లములలోని విత్తనములు పిల్లలచేత నాటించితిని. వరుసలు వాలు వెంబడి పైనుండి క్రిందికి దిగుచు కంటికి ఇంపుగా నుండెను. శ్రావణమాసమున రెండుదినములు విడువక కురిసిన వాన నా వరుసలనే కాలువలుగా జేసికొని, మొలకలను మన్నును గలిపి గెడ్డలో గలిపెను. మూడవనాడు అవ్వ వచ్చి చూచినది. “మీరు నీటికి దారేసినారు మేస్టారూ, మొక్కకి ఏసినేదు. మా దొడ్డి ఓపాలి సూడండి” అన్నది. ఆ మాటలో పరిహాసము లేదు.

వెళ్లి చూచితిని. మొదట నాకు గనబడినది అడవియే. తోటయనగా బారులు తీరి యుండవలెనను భ్రాంతి వదలిన పిదపగాని అందలి క్రమము నాకు దెలియలేదు. ఎగువ నొక పనస. దాని నీడయందు నీడను సహించు పసుపును అల్లమును. పాత్రలు కడిగిన నీరు పోవుచోట అరటియు, చేమయు. నడుమ మొక్కజొన్న, దాని కాడను బట్టుకొని యెగబ్రాకు చిక్కుడు. ఆనపతీగ పందిరిమీదినుండి యింటికప్పు మీదికి బోయియుండెను. గుమ్మడి నేలను గప్పి, వానచినుకు నేరుగ మన్నును గొట్టకుండ నాపుచుండెను. దడివెంట కందియు ఆముదమును. వాలునకు అడ్డముగా రాళ్లవరుసలు మోకాలియెత్తున పేర్చబడియుండెను. నా బడితోటను దుడిచివేసిన వానయే యిచ్చట రాతివెనుక బురదను విడిచి తేటనీరై దిగిపోయెను. పొయ్యిబూడిద, పెంటపోగు, రాలినయాకు, ఇవియే యెరువులు.

ఇక ఈ మొక్కలు ఎచ్చటివి? ఇది విచారింపదగిన సంగతి. కొండవారి సేద్యము అనాదినుండి మార్పులేక యున్నదని మనలో ననేకులు తలతురు. కొందఱు దానిని మూఢత్వమని నిందించుటకును, కొందఱు స్వచ్ఛతయని పొగడుటకును ఈ తలపునే వాడుకొందురు. పెరటిలోని మొక్కలే దీనిని గాదనుచున్నవి.

కంది మాత్రము ఈ కొండలకు పుట్టుబిడ్డ. దానికి దగ్గఱి చుట్టమైన అడవికంది తూర్పుకనుమల యుత్తరభాగమునను, దానిని ఆనుకొనిన ఒడిశా, బస్తరు అడవులయందును నేటికిని మొలచుచున్నది. కందిని మచ్చిక చేసిన మొదటి చేతులు ఈ ప్రాంతపువే యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన పప్పన్నము, పెండ్లిభోజనములోని ముద్దపప్పు, కొండపాదమున నొకానొక స్త్రీ కోసి తెచ్చి, తినిచూచి, మరల నాటిన గింజకు ఋణపడియున్నవి. సామయు ఈ దేశమున బుట్టినదే. శకుంతల చేతి పిడికిళ్లతో శ్యామాకపు గింజలు తిని లేడిపిల్ల పెరిగినట్లు కాళిదాసు శాకుంతలమున వర్ణించెను. ఆ ఘట్టమును పండితులు తరగతిలో కన్నీరు పెట్టుకొని చెప్పుదురు. అదే ధాన్యమును వండి పిల్లవాడు బడికి దెచ్చినచో కొండకూడని ముక్కు చిట్లింతురు. నేనును చిట్లించినవాడనే.

చోళ్లు ఆఫ్రికాలోని ఎత్తునేలల పంట. వలిసెలును ఆ ఖండమున ఇథియోపియానుండి వచ్చినవే. ఇవి రెండును వేల సంవత్సరములనాటి యతిథులు గనుక మనము వానిని మనవనియే యెంచుచున్నాము. మిరప, మొక్కజొన్న, గుమ్మడి, బొప్పాయి, టమాటా, పొగాకు, పండుగకు గుచ్చు బంతిపువ్వు, ఇవి యన్నియు అమెరికా ఖండపువి. 1498లో పోర్చుగీసువారి యోడలు మలబారుతీరమును జేరిన తరువాతగాని ఇవి మన దేశమునకు రాలేదు. వచ్చినదానికి మనవారు పాతచుట్టము పేరే పెట్టిరి. మిరియమువలె మండునది మిరపయైనది. జొన్నను బోలినది మొక్కజొన్నయైనది. అచ్చుపుస్తకములు గాని, వ్యవసాయశాఖ గాని లేని కాలమున ఈ విత్తనములు రేవులనుండి సంతలకును, సంతనుండి సంతకును చేతులు మారి, ఘాటుదారిని నడచి, కొండపెరడు జేరినవి. ఉప్పుకొఱకు సంతకు దిగిన కొండస్త్రీ కొంగున ముడివేసికొని తెచ్చిన గింజకు తేదీ వ్రాసినవారు లేరు. కాని ఆమె క్రొత్తదానిని వెఱవలేదు. కొంచెము నాటి చూచి, మేలైనచో నిలుపుకొన్నది. ఇంతకంటె శాస్త్రీయపద్ధతి యని మనము దేనిని బిలుతుము?

ఏడాదిలో ఆ పెరడు ఎట్లు నడచునో యిప్పుడు చెప్పెదను. చైత్రమున ఇటుకల పండుగ వచ్చును. ఇంటింటినుండి తెచ్చిన విత్తనములను దేవరచెంత నుంచి పూజింతురు. మగవారు వేటకు బోవుదురు. స్త్రీలు దారికడ్డముగా గడ నుంచి బాటసారులను కానుక లడుగుదురు. నన్నును రెండుమారు లాపి, నా జేబు తడిమించిరి. దేవరకు జూపనిదే విత్తనము నేల జేరగూడదు. అట్లే మామిడికొత్త, కొఱ్ఱకొత్త, చిక్కుడుకొత్త యని యొక్కొక్క పంటకు నొక్కొక్క పండుగ కలదు. అది కాకమునుపు ఆ పంటను ఎవరును నోట బెట్టరు. నేను మొదట దీనిని మూఢాచారముల జాబితాలో వ్రాసికొంటిని. తరువాత నొకనాడు లేతచిక్కుడు కోయబోయిన మనుమరాలి చేతిని అవ్వ తట్టుట చూచి యాలోచించితిని. ఆకలిగొన్న యింట లేతకాయ నిలువదు. లేతకాయ నిలువనిచో ముదురుగింజ లేదు. ముదురుగింజ లేనిచో మరుసటియేడు పెరడే లేదు. దేవరపేరిట పెట్టిన గడువు విత్తనమును గాచుచున్నది. సంస్కర్తలమైన మనము ఒక యాచారమును కొట్టివేయుటకు ముందు అది యేమి పని చేయుచున్నదో చూడవలసియున్నదని నాకు అప్పుడు దోచెను.

జ్యేష్ఠమున తొలకరి పడగానే విత్తులు వేయుదురు. పిదప వచ్చునవి ఆషాఢ శ్రావణములు. మైదానమున మనకు ఆషాఢము కొత్తయల్లుని కథలమాసము; కొండపై అది ఆకలిమాసము. పాతధాన్యము అయిపోవును, కొత్తది రాదు, వాన విడువదు, కూలి దొరకదు. అప్పుడు ఇంటిని నిలుపునది పెరడే. విత్తిన మూడువారములకే తోటకూర చేతికి వచ్చును. తరువాత గోగాకు, గుమ్మడిచిగురు, చేమయాకు. వేసవిలో దాచిన మామిడిటెంకలను పగులగొట్టి, లోని జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోవువఱకు పాఱునీట నానబెట్టి అంబలి కాచుకొందురు. ఆ జీడి సరిగా నెండక బూజు పట్టినచో ప్రాణాపాయము. 2001లో వానకాలమున పొరుగున ఒడిశాలోని కాశీపురము ప్రాంతమున అట్టి యంబలి త్రాగి పలువురు మరణించిరి. వారిని జంపినది విషమా, ఆకలియా యని చాలకాలము వాదములు జరిగెను. చెడిన జీడినిగూడ వండుకొనవలసిన యింట ఆ రెంటికిని భేద మేమున్నదో నాకు దెలియదు.

భాద్రపదమున మొక్కజొన్నపొత్తులు కాల్చుకొందురు. ఇంట నవ్వులు వినబడును. కొఱ్ఱ, సామ, చోడి యొకటి వెనుక నొకటి కోతకు వచ్చును. కార్తికమున వలిసెచేలు పూచి లోయయంతయు పసుపుపచ్చనగును. ఆ పూవులలో నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనుటకు ఇప్పుడు పట్టణములనుండి జనులు బండ్లలో వచ్చుచున్నారు. అది నూనెగింజయని వారిలో నెందఱకు తెలియునో! మార్గశిర పుష్యములు చలిమాసములు. గడ్డిమీద తెల్లని మంచు పేరుకొనును. అప్పుడే చిక్కుడు విరగగాయును, కంది ముదురును. పసుపు మాత్రము తొందరపడదు. పాడేరు, అరకు ప్రాంతములందు దానిని రెండేండ్లు నేలలోనే యుంచి త్రవ్వుట వాడుక. అక్కఱ వచ్చినప్పుడు త్రవ్వుకొను నిలువధనమది. పెండ్లికో జబ్బుకో డబ్బు కావలసిన యేట పసుపుమడి తఱుగును. ఫాల్గునమున పెరడు బోడిగా నుండును. దడి బాగుచేసికొనుట, విత్తనము చూచుకొనుట, ఆ నెలపని యంతయు నింతే. ఎండిన ఆనపబుఱ్ఱలలో బూడిద కలిపిన గింజలను బోసి, మూతికి గుడ్డ గట్టి, పొయ్యిపైన పొగ తగులుచోట వ్రేలాడదీయుదురు. ఆ బుఱ్ఱలు ఇల్లాలి చేతివి. మగవాడు వానిని దింపడు.

ఈ యింటికిని దొరతనమునకును సంబంధ మెట్టిది? 1839లో చట్టము చేసి యీ కొండలను సామాన్యపాలననుండి విడదీసి ఏజెన్సీ యనిరి. 1879లో రంపదేశమున పితూరీ రేగుటకు గల కారణములలో గల్లుచెట్లపై వేసిన చిగురుపన్ను ప్రధానమైనది. ఇంటిచెంతనుండు చెట్టు దొరతనమువారి కంటబడుట పన్నుకొఱకే యన్నమాట. 1882లో మద్రాసు అడవిచట్టము వచ్చెను. రక్షితారణ్యమని గీత గీచినచోట పోడు నేరమైనది. గూడెము కొండలలో ఆ కష్టమును, బాటలు వేయుటకు బట్టిన వెట్టియును గలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై అల్లూరి సీతారామరాజు దాడికి దారితీసెను. 1924 మే 7న ఆయన చంపబడెను. ఈ కథ తెలుగువారందఱు ఎఱిగినదే. కాని పోడు మూతబడిన సంవత్సరములలో ఆ కుటుంబము లేమి తినెను? ఈ ప్రశ్నను మన గ్రంథములు వేయవు. అవ్వ వేసినది. “కొండ ముట్టనీనప్పుడు మా అత్తోళ్లు దొడ్డినే రెండుపాల్లు దున్నినారంట” అని తన యత్తగారి యత్తగారి నాటిమాట నాకు జెప్పినది. ఆ మాటకు దస్తావేజు లేదు.

1942లో, రెండవ ప్రపంచయుద్ధకాలమున, సైనికులకు కూరగాయలు పండించుటకై అరకులోయలో పద్మాపురమున నొక తోట వేసిరి. ఈ లోయలో కూరగాయలు చక్కగా బండునని దొరతనమునకు దెలియుట అప్పటిమాట. దడి యావల ఎన్ని తరములుగానో పండుచున్నవని యెవరును చెప్పియుండరు. చెప్పవలసినవారిని ఎవరును అడిగియుండరు. ఆ తోట నేటికిని కలదు, యాత్రికులు చూడబోవుదురు.

స్వరాజ్యము వచ్చిన తరువాత మేలు జరుగలేదనుట కృతఘ్నత. 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడి, సంతలో షావుకారు తూకమునకు కొంత అడ్డుకట్ట పడెను. 1970 నాటి నిబంధన గిరిజనుని భూమి యితరుల చేతిలోనికి బోకుండ నాపెను. 1983లో కిలో రెండురూపాయల బియ్యము మొదలయ్యెను. ఆకలిమాసము పొడవు తగ్గినది. దీనిని తక్కువచేసి మాటలాడుట కడుపునిండినవారి లక్షణము. కాని ఆ బియ్యముతోడనే సామయన్నము పొయ్యిదిగెను. కోడలు నాతో నిష్కపటముగా జెప్పినది: “సామలు దంచాలంటే రెండు గంటలు మేస్టారూ. బియ్యం కడిగి పడేస్తే అన్నమే.” ఆమెను తప్పుపట్టు హక్కు రోకలి పట్టని మగవాడనైన నాకు లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపెను. అప్పటికి పట్టణములలో సామలు అందమైన సంచులలో కెక్కి సన్నబియ్యముకంటె మిక్కిలి వెలకు అమ్ముడుపోవుచుండెను.

కాఫీ సంగతియు నిట్టిదే. 1898లో తూర్పుగోదావరి మన్యమున పాములేరు లోయలో తెల్లదొరలు నాటించిన మొక్క క్రమముగా ఈ కొండలకెల్ల వ్యాపించెను. సిల్వర్ ఓక్ చెట్లనీడను కాఫీ, ఆ చెట్లమీద మిరియపుతీగ, ఇది యిప్పటి యరకు రూపము. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. అవ్వ కొడుకు కాఫీ అమ్మిన సొమ్ముతోనే యింటికప్పు రేకులదయ్యెను. పిల్లల చదువు సాగెను. రేకులు వేసిన పిదప ఆనపతీగ కప్పుమీదికి బోవుట మానెను, ఎండకు మాడునుగదా. మార్గశిర పుష్యములలో కాఫీపండ్లు కోయుటకు ఇంటిల్లిపాదియు బోవుటచేత చిక్కుడు కోయువారు లేక ముదిరి రాలును. పెరటిమూల కాఫీనారు సంచులు చేరినవి. అవ్వ చిన్నతనమున ఆ యింట ఆఱురకముల చిక్కుడుండెనట. నేను జూచునాటికి మూడుండెను. సమతులాహారమునకు పెరడు పెంచుడని చెప్పుచు విత్తనపు పొట్లములు పంచువారును వచ్చుచున్నారు. వారి యుద్దేశము మంచిదే. కాని అందు పెక్కు సంకరవిత్తనములు. మరుసటియేట అవి తమ గుణమును నిలుపుకొనవు. బుఱ్ఱలో దాచుటకు ఫలము లేదు. ఏటేట పొట్లముకొఱకు ఎదురుచూడవలయును.

పొరుగున కోరాపుటునందు వేఱొక దారి కనబడినది. అచ్చటి సంప్రదాయ సేద్యమునకు 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వముగా గుర్తింపునిచ్చెను. ఆ మండలముననే పరజ తెగకు జెందిన కమలా పూజారి పాతవరివిత్తనములను ఊరూర సేకరించి కాపాడినందులకు 2019లో పద్మశ్రీ పొందెను, 2024లో మరణించెను. ఆమె బడికి బోయి చదివినది కాదు. మన మండలమునను అట్టి స్త్రీలు లేకపోలేదు, వెదకినవారు లేరు. 2006 నాటి అటవీహక్కుల చట్టము పోడుపట్టాను భార్యాభర్తలిద్దఱి పేరను ఈయవలెనని విధించినది. కొండమీది పొలమునకు ఇల్లాలి పేరు కాగితమున నెక్కుట నేను కన్నులార జూచితిని. ఆమె విత్తనమునకు అట్టి కాగితము లేదు.

నాకు బదిలీయైనప్పుడు అవ్వ పిడికెడు చిక్కుడుగింజలు అడ్డాకులో గట్టి యిచ్చినది. ఎఱ్ఱనివి, కంటిచెంత నల్లచాఱ గలవి. “ఇది దానం గాదు మేస్టారూ. పండితే వచ్చీయేడు రెండింతలు తెచ్చియ్యాల” అన్నది. విత్తనపు అప్పునకు వడ్డీ అదియేనట. నా యింటిపెరట జ్యేష్ఠమున నాటితిని. తీగ గోడనెక్కి, కప్పునెక్కి, పొరుగువారి జామచెట్టునెక్కినది, పూవు లేదు. కార్తికమున నా భార్య విసిగి కోసివేయుమన్నది, కత్తిగూడ తెచ్చితిని. ఆ సాయంకాలము పని తగిలి వాయిదా వేసితిని. మంచు పడిన తరువాత పుష్యమున పూచెను. సోలెడు గింజలు వచ్చినవి.

ఫాల్గునమున వానిని దీసికొని కొండెక్కితిని. ఆ యేడు కోతలవేళ వానలు తప్పుకాలమున బడి అవ్వ యింట ఎఱ్ఱచిక్కుడు కుళ్లిపోయినదని అచ్చటికి బోయినపిదప దెలిసినది. ఆమె గింజలను అఱచేత బోసికొని వెలుతురున ద్రిప్పి చూచి, పుచ్చిన నాల్గింటిని ఏఱి పాఱవైచి, రెండు పిడికిళ్లు కొలిచి బుఱ్ఱలో బోసినది. మిగిలినవి నాకు దిరిగి యిచ్చినది. పిదప ఆ బుఱ్ఱను తాను పైకెత్తక, పదియవ తరగతి చదువుచున్న మనుమరాలి చేతికిచ్చి పొయ్యిపైన గట్టుమన్నది.